రోహిణికి ఇంకో డౌటు

మధుసూదన్ రాజీనామా చేసిన వారానికి అతని కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేశారు. అందులోకి రోహిణి వచ్చింది. ఆమె బ్యాగు కింద పెట్టి సర్దుకుని కూర్చునేలోపే ఇద్దరికీ గొడవ అయిపోయింది.

హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఒక ఆచారం ఉంది. ఉద్యోగం వదిలి వెళ్లేవాడు తన పనంతా తన తర్వాత వచ్చేవాళ్లకు నేర్పి వెళ్లాలి. దాన్ని నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అంటారు, ముద్దుగా కేటీ. నేర్చుకునేవాళ్లు "నాకు వచ్చేసింది" అని ఒప్పుకునేదాకా వెళ్లేవాడిని వదలరు. అంటే మధుసూదన్ విడుదల ఇప్పుడు రోహిణి నోటి మాటలో ఉందన్నమాట.

మేనేజర్ పార్థసారథి ఇద్దర్నీ పరిచయం చేసి, నోటీసు గడువు మూడు నెలలున్నా కేటీ ముందే పూర్తయితే ముందే పంపించేస్తానని మధుసూదన్‌కి మాటిచ్చాడు. ఆ మాటకి మధుసూదన్ ముఖం వెలిగిపోయింది. బడికి సెలవిచ్చారని విన్న పిల్లాడి ముఖం కూడా అంత వెలగదు.

"అంత తొందరేంది? ఏడికి పోతున్నరు, బెంగుళూరా?" అంది రోహిణి.

"మదనపల్లె."

"ఆడ ఏం కంపెనీ ఉంది?"

"కంపెనీ ఏం లేదు. చల్లగా ఉంటాది. చాలు."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ రాజీనామా చేసినప్పటి నుంచి మధుసూదన్ దగ్గర ఒక ఉపన్యాసం తయారుగా ఉంది. క్యాంటీన్లో ఎవరు టీ ఇప్పించినా దాన్ని వినిపిస్తున్నాడు. కదలని రోడ్లు, ట్యాంకర్ నీళ్లు, ఏటా పెరిగే కిరాయి, బాల్కనీ తలుపు తీస్తే పక్కింటి వంటింటి పొగ. చివర్న ఎప్పుడూ ఒకటే ముక్తాయింపు. "ఈ ఊళ్లో మనిషి బతకడండీ, లాగిన్ అయి ఉంటాడంతే."

ఆ మాటకి అందరూ నవ్వేవాళ్లు. రోహిణి నవ్వలేదు.

"మీరు తిట్టే ఈ ఊరు మా ఊరు. మాది హఫీజ్‌పేట్. మా తాతల కాన్నుంచి ఈడనే ఉన్నం. మీరందరొచ్చినంకనే గీ ట్రాఫిక్ వచ్చింది. వచ్చేటప్పుడు మమ్మల్ని అడగలె, పోయేటప్పుడు తిట్టుకుంట పోతున్నరు. గిదేం పద్ధతి?"

మధుసూదన్ గబగబా ల్యాప్‌టాప్ తెరిచాడు.

అతనిది ప్రొద్దుటూరు. మదనపల్లెలో ఇంజినీరింగు చదివాడు. అక్కడి పొద్దుటి చలి, కొండ మీద నుంచి దిగే మంచు, హాస్టల్ నుంచి కాలేజీకి నడిచే దారి, ఇవన్నీ హైదరాబాదులో ఉన్న ఆరేళ్లూ అతని కలల్లోకి వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు ఒక చిన్న కంపెనీలో ఇంటి నుంచి చేసుకునే పని దొరికింది. జీతం తక్కువ. హార్స్‌లీ కొండకు పోయే దారిలో, పెరడున్న ఇల్లు ఒకటి మాట్లాడుకున్నాడు. పెరడు మాట చెప్పేటప్పుడు అతని గొంతు మారేది.

అతను రోహిణికి అప్పగించాల్సింది పాల డెయిరీల సాఫ్ట్‌వేర్. పల్లెల్లో రైతులు కేంద్రానికి తెచ్చి పోసే పాలను కొలిచి, అందులో ఫ్యాట్ ఎంతుందో చూసి, దాన్ని బట్టి ధర కట్టే లెక్క. మధుసూదన్ మొదటి రోజు పొద్దున్నే ఉత్సాహంగా మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా సగం చెప్పేశాడు. చెప్పి, డౌట్లేమైనా ఉన్నాయా అని మాటవరసకు అడిగాడు.

"ఒకటుంది. పాలల్ల ఫ్యాట్ అంటే ఏంది?" అంది రోహిణి.

మధుసూదన్‌కి జాలేసింది. పాపం, సిటీ పిల్ల, పాలంటే ప్యాకెట్లో పుడతాయనుకుంటుంది కాబోలు. మార్కర్ తీసుకుని బోర్డు మీద ఆవునూ గేదెనూ గీశాడు. ఆవు కాస్త ఆవులాగే వచ్చింది. గేదెకు కొమ్ములు పెట్టకపోతే కుక్క అనుకునే ప్రమాదం ఉండేది.

"ఇది ఎనుము. దీని పాలల్లో వెన్న ఎక్కువ."

"ఎనుమంటే?"

"అదే, గేదె."

"ఓ, బర్రెనా," అని రోహిణి శ్రద్ధగా రాసుకుంది. "అది రోజుకు ఎన్నిసార్లు పాలిస్తది?"

అలా మొదలయ్యాయి డౌట్లు. ఎండాకాలం పాలు ఎందుకు తగ్గుతాయి? దూడ తాగాక పితుకుతారా, తాగకముందా? నీళ్లు కలిపితే యంత్రం కనిపెడుతుందా? మధుసూదన్ రాత్రిపూట వీడియోలు చూసి చదువుకొచ్చి మరీ జవాబులు చెప్పేవాడు. ఆ వారంలో అయిపోవాల్సిన కేటీ మూడో వారంలోకి జరిగింది.

మొదటి వారం డౌట్లన్నీ కోపంలోంచి పుట్టినవి. ఊరిని తిట్టినందుకు నాలుగు రోజులు ఎక్కువ ఉంచుదామనుకుంది రోహిణి. రెండో వారం నుంచి డౌట్లు వేరే చోట పుట్టసాగాయి. అతను బోర్డు ముందు నిలబడి, చొక్కా చేతులకు మార్కర్ మరకలు అంటించుకుంటూ, గేదె గురించి అంత భక్తిగా చెప్తుంటే ఆపాలనిపించలేదు ఆమెకి.

ఒకసారి మాత్రం దొరికిపోబోయింది. పొద్దుటి పాలకూ సాయంత్రం పాలకూ ఫ్యాట్ ఒకటే ఉంటుందని అతను పొరపాటున అంటే, రోహిణి తలెత్తకుండానే అంది. "ఉండదు. మాపటి పాలకు వెన్న జర ఎక్కువుంటది."

మధుసూదన్ ఆశ్చర్యంగా చూశాడు. నిన్న మీరు చెప్పిన వీడియోలోనే చూశానని ఆమె చటుక్కున సర్దుకుంది. తన శిష్యురాలు ఇంత పైకి వచ్చినందుకు మధుసూదన్ ఆ పూట చాలా గర్వపడ్డాడు.

సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం వాన పట్టుకుంది. రోడ్డు మీద బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. మధుసూదన్ ఆఫీసు గుమ్మంలో నిలబడి ఫోనుతో పోట్లాడుతున్నాడు. ఒప్పుకున్న క్యాబు డ్రైవరు రద్దు చేయడం, ఇంకొకరు ఒప్పుకోవడం, వాళ్లూ రద్దు చేయడం. వెనక నుంచి రోహిణి వచ్చి ప్యాంటు అంచులు మడుచుకుంది.

"నడుస్తరా?"

"ఎక్కడికి?"

"స్టేషన్‌కు. మీరుండేది చందానగర్ గద. నాది హఫీజ్‌పేట్. ఒకటే లైను."

ఆరేళ్లలో మధుసూదన్ ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆ సంగతి దారిలో బయటపడింది. ఎక్కని రైలును, చూడని ఊరిని పట్టుకుని బాగాలేదని ఎట్లా చెప్పారని ఆమె అడిగింది. అతను బ్యాగు తలకు అడ్డం పెట్టుకుని నడక వేగం పెంచాడు. స్టేషన్ చేరేసరికి ఇద్దరూ నిలువునా తడిసిపోయారు.

రైల్లో తలుపు దగ్గర నిలబడ్డారు. రోహిణి కనురెప్ప చివర ఒక చినుకు ఆగి ఉంది. అది ఎప్పుడు రాలుతుందా అని మధుసూదన్ చూస్తున్నాడు. చినుకు రాలిపోయింది. అతను చూడడం మానలేదు.

"ఏం చూస్తున్నరు?"

"నాకూ ఒక డౌటొచ్చింది."

"ఏంది?"

"తర్వాత చెప్తా."

హఫీజ్‌పేట్‌లో రోహిణి దిగి, ప్లాట్‌ఫారం మీద నుంచి చెయ్యి ఊపింది. తర్వాతి స్టేషన్‌లో దిగాల్సిన మధుసూదన్ దిగడం మరిచిపోయి లింగంపల్లి దాకా పోయాడు.

ఆ మర్నాటి నుంచి ఇద్దరూ మీరు నుంచి నువ్వులోకి దిగారు. సాయంత్రాలు రైలే. ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో అతను పెరుగన్నం తిని మాత్ర మింగడం చూసి, తలనొప్పా అని అడిగింది రోహిణి.

"బీపీ," అన్నాడు.

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. ముప్పై కూడా నిండని మనిషి.

"పోయినేడు క్లయింట్ కాల్‌లో ఉండంగా కళ్లు తిరిగినాయి. అప్పుడు మా టీమ్‌లో ఉండిన స్వామి ఆస్పత్రికి తీసుకపోయినాడు. మంచం మీద పండుకోబెట్టి చేతికి బీపీ చూసే పట్టీ చుడతాండారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు అట్లే ఉండాయి. అవతల నుంచి ఎవరో నా పేరు పిలిచినారు. నేను మ్యూట్ తీసి 'యెస్, ఐ యామ్ హియర్' అన్నా." అతను గ్లాసు పక్కకు జరిపాడు. "డాక్టరు నా వైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. ఆ రోజే అనుకున్నా, పోవాలని."

ఉపన్యాసంలో ఈ భాగం లేదు. దీన్ని అతను ఎవరికీ చెప్పలేదు. రోహిణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మనిషి ఇక్కడి నుంచి వెళ్లాలి, తొందరగా వెళ్లాలి. రేపటి నుంచి ఒక్క డౌటు కూడా అడగకూడదని రైల్లో కూర్చుని గట్టిగా నిశ్చయించుకుంది.

మర్నాడు మూడు అడిగింది.

దసరా వచ్చింది. ఆఫీసు ఖాళీ. పండగని గేదెలకు తెలియదు కాబట్టి పాల సాఫ్ట్‌వేర్‌కు సెలవుండదు, ఊరు దాటకుండా ఫోనుకు అందుబాటులో ఉండే డ్యూటీ ఈసారి మధుసూదన్‌కి పడింది. రూములో ఒక్కడే ఉన్నాడని తెలిసి రోహిణి పొద్దున్నే స్కూటీ వేసుకుని వచ్చింది. ఊరు చూపిస్తానంది.

సైబర్ టవర్స్ దగ్గర రోడ్డు నున్నగా, ఖాళీగా ఉంది. సిగ్నల్ ఎవరి కోసమో ఎర్రబడుతోంది, పచ్చబడుతోంది. కొండాపూర్ వైపు చెట్లలో పిట్టల అరుపు వినిపించింది. ఆరేళ్లుగా ప్రతి పండక్కీ బస్సెక్కి పోయిన మధుసూదన్ ఈ ఊరిని ఎన్నడూ చూడలేదు. రోహిణి రోడ్డు పక్కన బండి ఆపింది.

"పండుగొస్తే అందరు ఊర్లకు పోతరు. 'మీదే ఊరు' అని అడుగుతరు నన్ను. ఇదే అంటే నవ్వుతరు. నాకు పోనీకె వేరే ఊరు లేదు మధూ. గీ రెండు దినాలు మాత్రం మా ఊరే మా దగ్గరికి వస్తది."

మొదటి రోజు తాను అన్న మాటలు మధుసూదన్‌కి గుర్తొచ్చి ముఖం వేడెక్కింది. క్షమించమన్నాడు. ఆమె భుజాలెగరేసి నవ్వింది. ఆ నవ్వుతో అతని డౌటు చాలావరకు తీరిపోయింది. సాయంత్రం జమ్మికి మా ఇంటికి రారాదూ అని ఆమె మాటల ఊపులో పిలిచేసింది. పిలిచాక నాలుక్కరుచుకుని, అతను చూడకుండా తల్లి సీతాబాయికి ఫోను చేసి, రెండింటినీ ఇంటి వెనక కట్టేయమని బతిమాలింది.

సీతాబాయి కట్టేసేదే. కానీ తండ్రి పోచయ్య వినలేదు. పండగ పూట లక్ష్మిని దాచుడేందన్నాడు. అందుకే సాయంత్రం మధుసూదన్ ఆ సందులోకి తిరిగేసరికి, రెండు పెద్ద అపార్టుమెంట్ల మధ్య ఇరుక్కున్న పెంకుటింటి గేటు ముందు, ఒళ్లంతా కడిగించుకుని, పసుపు కుంకాలు పెట్టించుకుని, మెళ్లో బంతిపూల దండలతో రెండు గేదెలు నిలబడి ఉన్నాయి. అసలైన గేదెలు. బోర్డు మీది దానికీ వీటికీ పోలికే లేదు.

"రా బిడ్డా, భయపడకు, ఏమనయి," అన్నాడు పోచయ్య.

సీతాబాయి మంచినీళ్లిచ్చి మురిపెంగా చెప్పుకొచ్చింది. రోహిణికి పదేళ్లున్నప్పటి నుంచి ఇంట్లో పాలు పిండేది ఆమేనట, ఇప్పటికీ పొద్దున పాలు పిండాకే ఆఫీసుకు బయలుదేరుతుందట. ఏ గేదె పాలలో ఎంత వెన్న వస్తుందో వేలు పెట్టి చెప్పేస్తుందట.

మధుసూదన్ రోహిణి వైపు చూశాడు. రోహిణి గేదె వైపు చూసింది. గేదె మధుసూదన్ వైపు చూసింది.

నవ్వొచ్చే సంగతే. వేరే పూట అయితే అతనే కడుపుబ్బ నవ్వేవాడు. కానీ అతని బుర్రలో ఆఫీసు బుద్ధి పనిచేసింది. వెళ్లేవాణ్ని ఆపాలంటే మేనేజర్లు చేసే పని ఒకటుంది. కొత్తగా వచ్చినవాళ్లతో డౌట్లు అడిగిస్తూ కేటీ సాగదీయడం. స్వామి ఉద్యోగం వదిలినప్పుడు అతన్నీ ఇట్లాగే నోటీసు చివరి రోజుదాకా ఉంచారు. అంటే పార్థసారథి చెప్పాడు, ఈమె చేసింది. బోర్డు మీద బొమ్మలు, వీడియోలు, వాన, రైలు, ఆస్పత్రి సంగతి విని కళ్లలో నీళ్లు పెట్టుకోవడం కూడా, అన్నీ పనిలో భాగమే. అతని మనసు చివుక్కుమంది.

జమ్మి ఆకుని అక్కడ బంగారం అంటారు. దసరా సాయంత్రం పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు, ఈడువాళ్లకిచ్చి అలాయ్ బలాయ్ తీసుకుంటారు, అంటే కౌగిలించుకుంటారు. ఆ ఏడు ఎన్ని మాటలనుకున్నా దాంతో చెల్లు. రోహిణి చేతిలో జమ్మి పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి మధుసూదన్ చెప్పులు వేసుకుంటున్నాడు. ఆఫీసు నుంచి కాల్ వచ్చిందన్నాడు. ఫోను అతని జేబులో చడీచప్పుడు లేకుండా ఉంది.

సెలవుల తర్వాత అతను మళ్లీ మీరులోకి వెళ్లిపోయాడు. ఇక డౌట్లు అవసరం లేదని, రివర్స్ కేటీ పెట్టేద్దామని పార్థసారథి ఎదుటే అన్నాడు. అది కేటీలో ఆఖరి పరీక్ష. నేర్చుకున్నవాళ్లు నేర్పినవాళ్లకు మొత్తం తిరిగి చెప్పాలి.

రోహిణి లేచి బోర్డు ముందుకు వెళ్లింది. పాలు కేంద్రానికి రావడం దగ్గర మొదలుపెట్టి రైతు ఖాతాలో డబ్బు పడేదాకా ఎక్కడా తడబడకుండా చెప్పింది. మధుసూదన్ తొందరలో దాటేసిన రెండు మెలికలు కూడా విప్పి చూపించింది. మధ్యలో ఉదాహరణ కోసం గేదెను గీసింది. అచ్చం గేదెలా వచ్చింది. పార్థసారథి చప్పట్లు కొట్టి, శుక్రవారం నుంచి మధుసూదన్ స్వేచ్ఛాజీవి అని ప్రకటించి, ఇంకో మీటింగుకు పరుగెత్తాడు.

గదిలో ఇద్దరే మిగిలారు.

"నాకొక్కటి చెప్పండి. నన్ను ఎన్నాళ్లు ఆపమన్నాడు ఆయన?" అన్నాడు మధుసూదన్.

"ఎవరు?"

"పార్థసారథి. డౌట్లు అడుగుతా ఉండమని ఆయనే కదా చెప్పింది."

రోహిణి మార్కర్ మూత పెట్టడం ఆపి అతన్నే చూసింది. దసరా నుంచి ఈ మనిషి మొహం ఎందుకు మాడ్చుకున్నాడో ఇప్పటికి తెలిసింది.

"ఆయనకంత తెలివేడిది?" అంది. తర్వాత కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "నన్నెవ్వరు అడగమనలె. మొదలు కోపంతోని అడిగిన. మా ఊరిని తిట్టినవని. తర్వాత..."

"తర్వాత?"

"అర్థమైందంటే నువ్వు పోతవు గద."

ఆమె కళ్లు దించలేదు. మధుసూదన్‌కి బీపీ పెరిగిందో తగ్గిందో తెలియలేదు. ఇంతమంచి మాటను పట్టుకుని ఎన్ని రోజులు తప్పు లెక్క కట్టుకున్నానా అని తన మీద తనకే కోపమొచ్చింది. ఆ కోపంలోనే, సంతోషంలోనే, ఒక మాట అనేశాడు.

"నేను పోను. రాజీనామా వెనక్కి తీసుకుంటా. ఇక్కడే ఉంటా."

"వద్దు."

"ఏంటికి వద్దు?"

"నా కోసం గోలీలు మింగుకుంట ఈడ ఉండకు. నువ్వు మంచిగుండాలె. గందుకే పోతున్నవు, పో. నాకు ఇగ ఒక్క డౌటు సుత లేదు."

"అయితే నువ్వు రా."

రోహిణి కిటికీ వైపు తిరిగింది. "మా ఇంట్ల ఎవ్వరం ఏడికి పోలె మధూ. పోవుడు ఎట్లనో నాకు తెల్వదు."

"నేర్పిస్తా," అన్నాడు మధుసూదన్. "అదీ కేటీనే. తొందరేం లేదు. నువ్వు వచ్చిందని చెప్పేదాకా నేర్పిస్తా."

శుక్రవారం అతను వెళ్లిపోయాడు. రోహిణి ఆ సాయంత్రం రైల్లో తలుపు దగ్గర నిలబడలేదు. లోపలికి వెళ్లి కూర్చుంది.

కొత్త కేటీ ఆదివారం నుంచి మొదలైంది. ప్రతి సాయంత్రం ఫోన్లో ఒక పాఠం. టమోటా మార్కెట్ దగ్గర లారీల వరస ఎక్కడిదాకా ఉంటుంది, పొద్దున కొండ ఎప్పుడు కనబడుతుంది, ఎప్పుడు కనబడదు, ఏ దుకాణంలో కాఫీ బాగుంటుంది. రోహిణి తన పద్ధతి మానలేదు. నెట్ పోతే ఎట్లా? పోతుందని, పోయిన వారమే రెండు సార్లు పోయిందని ఒప్పుకున్నాడు. తోచకపోతే? మొదటి వారం తనకూ తోచలేదని, పెరట్లో గోడకు సున్నం వేశానని చెప్పాడు. మరి బీపీ? డాక్టరు మాత్ర సగానికి తగ్గించాడన్నాడు. ఆ పూట ఆమె ఇంకేం అడగలేదు.

నవంబరులో, ఇక వచ్చేసిందనిపించాక, రోహిణి పార్థసారథి గదిలోకి వెళ్లి, తానూ ఊరు మారుతున్నానని, ఉద్యోగం వదిలేస్తానని చెప్పింది. మళ్లీ ఇంకో కుర్చీ, మళ్లీ ఇంకో కేటీ అనేసరికి పార్థసారథికి చెమటలు పట్టాయి. ఏ ఊరైనా మారు, పని మాత్రం అక్కడి నుంచి చెయ్యి అని ఆయనే బతిమాలుకున్నాడు. సరేనని ఆమె పెద్దమనసు చేసుకుంది.

మధుసూదన్‌ని పెళ్లి చేసుకుంటానని ఇంట్లోనూ తనే చెప్పింది. ప్రొద్దుటూరు నుంచి మధుసూదన్ తల్లి చెన్నమ్మ ఫోను చేసింది. ఆమె, సీతాబాయి మొదట బెట్టుగా మాట్లాడుకున్నారు. తర్వాత మాట పెరుగు తోడు పెట్టడం మీదికి మళ్లింది, ఇక ఫోను పెట్టలేదు. పోచయ్య మాత్రం అవుననలేదు, కాదనలేదు. ముందు ఆ జాగా చూస్తానన్నాడు.

అలా ఒక పొద్దున్నే మదనపల్లె బస్టాండులో రోహిణి, తల్లి, తండ్రి ముగ్గురూ దిగారు. పోచయ్య తలకు రుమాలు, చేతిలో సొంత ఇంటి నెయ్యి డబ్బా. మధుసూదన్ ఎదురొచ్చి కాళ్లకు మొక్కాడు. ఇంటి ముందు ఆటో దిగి, పోచయ్య గాలి పీల్చాడు. పెరట్లోకి పోయి గడ్డి తెంపి వాసన చూశాడు. పంపు తిప్పి దోసిట్లో నీళ్లు పట్టి తాగాడు. మధుసూదన్ ఇంటర్వ్యూలలో కూడా ఇంత వణకలేదు.

పోచయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మా ఇంటి పక్క అపార్టుమెంటోళ్లు దినాం లొల్లి చేస్తరు బిడ్డా, బర్రెలు వాసనొస్తున్నయని. వాళ్లకంటె ముందుగాల మేమున్నమని తెల్వదు." ఆయన రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "నేనెన్నడు ఊరు ఇడువలె. ఊరే మమ్మల్ని ఇడిసి పోయింది. నేను ఆడనే కూసొని చూస్కుంట ఉన్న. నా బిడ్డ సుత గట్ల కూసోవద్దు."

సీతాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రోహిణి తండ్రి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చేతిని నిమిరి, మధుసూదన్ వైపు చూసి, తల ఊపాడు. అంతకుమించి ఆశీర్వాదం అక్కర్లేదు.

"నాయినా, ఇంకొకటి బాకీ ఉంది," అంది రోహిణి.

బ్యాగులోంచి చిన్న బట్ట మూట తీసి విప్పింది. ఎండిపోయిన జమ్మి ఆకులు. దసరా నాడు గుమ్మంలో ఆమె చేతిలో మిగిలిపోయినవి. "ఆ రోజు తీసుకోకుండనే పోయినవు," అని అతని అరచేతిలో పోసింది.

బంగారం చేతిలో పడ్డాక అలాయ్ బలాయ్ తీసుకోవాలి. అది మధుసూదన్‌కి తెలుసు. తెలిసీ, పోచయ్య ముందు చెట్టులా నిలబడిపోయాడు. పోచయ్య ఇద్దర్నీ ఒకసారి చూసి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచాడు. పెరటి గోడ ఎంత ఎత్తుందో చూసొస్తానని, సీతాబాయిని కూడా రమ్మన్నాడు. గోడలో తాను చూసేదేముందని ఆమె అడగబోయి, అర్థమై, గబగబా వెంట నడిచింది.

రోహిణి ఒకడుగు ముందుకు వేసింది. మిగతా అడుగు అతను వేశాడు. ఆమె జుట్టులో ఇంకా రాత్రి బస్సు ప్రయాణపు చలి ఉంది.

"ఆ రోజు రైల్ల నీకో డౌటొచ్చిందన్నవు. ఏందది?" అంది అతని భుజం మీద నుంచే.

"ఈ అమ్మాయి లేకపోతే ఆ చల్లగాలి నేనేం చేసుకోవాల అని."

"ఇప్పుడు?"

"తీరిపోయింది."

పెరట్లోంచి పోచయ్య గొంతు వినిపించింది. గోడ పక్కన షెడ్డు వేస్తే రెండు బర్రెలు సుకంగా పడతాయని సీతాబాయికి చెప్తున్నాడు.